మతాల పాఠం చెప్పిన మాస్టారు, మన సర్వసైన్యాధిపతి

మన సంఘం వార్షిక సంచికలో సాధారణంగా యుద్ధవీరుల గురించి, రెజిమెంట్ల చరిత్ర గురించి చదువుతుంటాం. ఈసారి నేను జీవితంలో ఎన్నడూ తుపాకీ పట్టని ఒక పెద్దాయన గురించి రాస్తున్నాను. అలాగని ఆయన మనకి పరాయివారు కాదు. 1962 మే 13 నుంచి 1967 మే 13 వరకు, సరిగ్గా అయిదేళ్ళు, మన త్రివిధ దళాలకు ఆయనే సర్వసైన్యాధిపతి. చైనాతో యుద్ధం, పాకిస్తాన్‌తో యుద్ధం రెండూ ఆ అయిదేళ్ళలోనే వచ్చాయి. అంతకు ముందు దాదాపు నలభై ఏళ్ళు ఆయన చేసిన పని విద్యార్థులకి పాఠం చెప్పడం, చదువులు నడపడం. ఆయనే డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు.

సెప్టెంబర్ 5 వచ్చిందంటే ప్రతి బడిలో ఆయన ఫోటోకి దండ వేస్తారు. పిల్లలు పంతుళ్ళకి పూలిచ్చి నమస్కారం పెడతారు. అంతా బాగానే ఉంది. కానీ ఆయన ఏ సబ్జెక్టు చెప్పారని అడిగితే చాలామంది తెల్లముఖం వేస్తారు. ఆయన చెప్పింది తత్త్వశాస్త్రం. అందులోనూ మన గడ్డ మీద పుట్టిన హిందూ, జైన, బౌద్ధ, సిక్కు మతాల గురించి దేశ విదేశాల విద్యార్థులకి విప్పి చెప్పడమే ఆయన జీవితంలో పెద్ద భాగం.

నేను ఇంటర్మీడియట్ చదివి రిక్రూట్ అయినవాణ్ణి. సుబేదార్‌గా పెన్షన్ వచ్చాను. వేదాంతం మీద రాసేంత చదువు నాకు లేదు. అయితే నాలుగు మతాలవాళ్ళతో ఒకే బ్యారక్‌లో పడుకుని, ఒకే లంగర్‌లో తిన్న అనుభవం ఉంది. ఆ అనుభవంతోనే ఆయన జీవితం చదివాను. నాకు అర్థమైనంత వరకు మీ ముందు పెడుతున్నాను.

తిరుత్తణి నుంచి మద్రాసు దాకా

రాధాకృష్ణన్ గారు 1888 సెప్టెంబర్ 5న తిరుత్తణిలో పుట్టారు. ఇప్పుడు ఆ ఊరు తమిళనాడులో ఉంది. వాళ్ళది తెలుగు బ్రాహ్మణ కుటుంబం. పూర్వీకులది నెల్లూరు జిల్లా సర్వేపల్లి గ్రామం కాబట్టి ఆ ఇంటిపేరు వచ్చింది. తండ్రి వీరాస్వామి గారు జమీందారు దగ్గర రెవెన్యూ పనిచేసే చిన్న ఉద్యోగి. తల్లి సీతమ్మ గారు. ఇంట్లో కలిమి లేదు. చదువంతా చాలా వరకు స్కాలర్‌షిప్‌ల మీదే సాగింది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. తిరుత్తణి అంటే సుబ్రహ్మణ్య స్వామి కొండ. ఆ తర్వాత చదివింది తిరుపతిలో, వెంకటేశ్వరుని పాదాల దగ్గర. కానీ చదువు చెప్పింది మాత్రం క్రైస్తవ మిషన్ బడులు. తిరుపతిలో లూథరన్ మిషన్ స్కూలు, వెల్లూరులో వూర్హీస్ కాలేజీ, చివరికి మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ. పొద్దున ఇంట్లో పూజ, పగలు బడిలో బైబిల్. రెండు మతాల మధ్య పెరిగిన పిల్లవాడన్నమాట.

ఆయన ఫిలాసఫీ తీసుకోవడం కూడా కోరి చేసింది కాదు. అదే కాలేజీలో చదువు ముగించిన ఒక బంధువు తన పాఠ్యపుస్తకాలు ఇచ్చేశాడు. పుస్తకాల ఖర్చు తప్పుతుంది కదా అని ఆ సబ్జెక్టే తీసుకున్నారు. పేదరికం ఒక్కోసారి మనిషిని ఎటు తీసుకెళ్తుందో చూడండి. మనలో ఎంతమంది ఇంట్లో జరగక రిక్రూటింగ్ ర్యాలీకి వెళ్ళి, తర్వాత ఆ యూనిఫామే ప్రాణం అనుకున్నవాళ్ళం లేము?

మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో అధ్యాపకులు మంచివాళ్ళే, పెద్ద విద్వాంసులే. అయితే హిందూమతంలో నీతికి చోటు లేదని, లోకమంతా మాయ అనుకునేవాడు సాటి మనిషికి సేవ ఎందుకు చేస్తాడని ఆ రోజుల్లో మిషనరీల విమర్శ ఉండేది. కుర్రవాడైన రాధాకృష్ణన్ గారికి అది గుచ్చుకుంది. వివేకానందుని రచనలు చదివి ఉన్నారు కాబట్టి రోషమూ వచ్చింది. రోషం వచ్చినప్పుడు మనిషి చేయగల పనులు రెండు. ఒకటి పోట్లాట. రెండోది, ఎదుటివాడు అన్నదాంట్లో నిజమెంత ఉందో కూర్చుని చదువుకోవడం. ఆయన రెండోది చేశారు. ఎం.ఏ. కోసం వేదాంతంలోని నీతి గురించే వ్యాసం రాశారు. అది 1908లో అచ్చయింది. అప్పటికి ఆయనకి 20 ఏళ్ళు. తమ విమర్శకే జవాబుగా రాసిన ఆ వ్యాసాన్ని మెచ్చుకున్నది కూడా ఆ కాలేజీలోని క్రైస్తవ అధ్యాపకుడు ఏ.జి. హాగ్ గారే. ఆ శిష్యుడి పట్టుదలతో పాటు ఆ గురువు పెద్దమనసునీ మనం గుర్తుపెట్టుకోవాలి.

లెక్చరర్ ఉద్యోగం, బదిలీలు

1909లో మద్రాస్ ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. అప్పటికే శివకాము గారితో పెళ్ళయింది. తర్వాత ఐదుగురు ఆడపిల్లలు, ఒక మగపిల్లవాడు కలిగారు. ఆ కొడుకే చరిత్రకారుడు సర్వేపల్లి గోపాల్ గారు. ప్రభుత్వ ఉద్యోగం అన్నాక బదిలీలు మామూలే గదా! 1916లో అనంతపురం, ఆ తర్వాత రాజమండ్రి. మన తెలుగు పిల్లలు గోదావరి ఒడ్డున ఆయన పాఠం విన్నారు. 1918లో మైసూరు మహారాజా కాలేజీకి ప్రొఫెసర్‌గా వెళ్ళారు. 1921లో కలకత్తా విశ్వవిద్యాలయంలో పెద్ద పదవికి సర్ ఆశుతోష్ ముఖర్జీ గారు పిలిచారు. మైసూరు వదిలే రోజున విద్యార్థులు గుర్రాలను విప్పేసి, పూలతో అలంకరించిన బండిని తామే రైల్వే స్టేషన్ దాకా లాగారని ఇప్పటికీ చెప్పుకుంటారు. పోస్టింగ్ మీద వెళ్ళే ఆఫీసర్ జీపుని జవాన్లు తాడు కట్టి లాగడం మన సైన్యంలోనూ ఉంది. ఆ గౌరవం ర్యాంకు చూసి రాదు, మనిషిని చూసి వస్తుందని మనకి తెలుసు.

కలకత్తాలో ఉండగా భారతీయ తత్త్వశాస్త్రం మీద ఇంగ్లీషులో రెండు పెద్ద సంపుటాలు రాశారు. మొదటిది 1923లో, రెండోది 1927లో వచ్చాయి. వేదాలు, ఉపనిషత్తులతో మొదలుపెట్టి, జైనుల వాదం, బౌద్ధుల వాదం, షడ్దర్శనాలు, శంకరులు, రామానుజులు దాకా ఒక వరుసలో పెట్టారు. అంతకు ముందు ఈ సంగతులు సంస్కృతం, పాళీ, ప్రాకృతం వచ్చిన పండితులకే అందేవి. ఈయన వాటిని మామూలు కాలేజీ విద్యార్థి చేతికి ఇచ్చారు.

జైనుల గురించి ఆయన రాసినది ఒక్కటి చెబుతాను. జైనుల సిద్ధాంతంలో అనేకాంతవాదం అనేది ముఖ్యమైనది. సత్యానికి చాలా ముఖాలు ఉంటాయని, ఒక్క చోట నిలబడి చూసేవాడికి అన్నీ కనపడవని దాని సారాంశం. గుడ్డివాళ్ళు ఏనుగుని తడిమిన కథ మనందరికీ తెలుసు. తోక పట్టుకున్నవాడు తాడన్నాడు, కాలు పట్టుకున్నవాడు స్తంభమన్నాడు. ఆర్మీవాడికైతే ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఒకే కొండని రెండు అబ్జర్వేషన్ పోస్టుల నుంచి చూస్తే రెండు రిపోర్టులు వస్తాయి. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. రెండూ మ్యాపు మీద పెడితేనే కొండ పూర్తిగా తెలుస్తుంది.

విదేశీ విద్యార్థులకి మన మతాలు

1926లో ఆక్స్‌ఫర్డ్‌లోని మాంచెస్టర్ కాలేజీలో హిందూ జీవన దృక్పథం మీద ఉపన్యాసాలు ఇచ్చారు. మరుసటి ఏడు అవి పుస్తకంగా వచ్చాయి. అదే సంవత్సరం అమెరికాలో హార్వర్డ్‌లో జరిగిన అంతర్జాతీయ తత్త్వశాస్త్ర మహాసభలోనూ మాట్లాడారు. హిందూమతం అంటే ఒకే పుస్తకం, ఒకే ప్రవక్త, ఒకే నమ్మకం మీద నిలబడినది కాదని, అది ఒక బతుకు పద్ధతి అని తెల్లవారికి వాళ్ళ భాషలో, వాళ్ళ తర్కంలోనే వివరించారు.

1931 నుంచి 1936 వరకు మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా వాల్తేరులో ఉన్నారు. కట్టమంచి రామలింగారెడ్డి గారి తర్వాత వచ్చిన ఆయన ఆ కొత్త విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టారు. జయపూర్ మహారాజా విక్రమదేవ వర్మ గారి విరాళంతో సైన్స్, టెక్నాలజీ కాలేజీ ఆ కాలంలోనే ఎదిగింది. అధ్యాపకులను తీసుకునేటప్పుడు ఆయన ఎలా చూశారో గమనించండి. బెంగాలీ ముస్లిం హుమాయున్ కబీర్ గారిని తీసుకున్నారు. తర్వాత కమ్యూనిస్టు నాయకుడైన హిరేన్ ముఖర్జీ గారిని తీసుకున్నారు. వి.కె.ఆర్.వి. రావు గారిని తీసుకున్నారు. చదువు చూశారు గానీ పూజగది చూడలేదు.

1936లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కొత్తగా పెట్టిన ప్రాచ్య మతాలు, నీతిశాస్త్రం ఆచార్య పీఠానికి ఆయన్ని తీసుకున్నారు. స్పాల్డింగ్ అనే దాత పేరు మీద ఉన్న పీఠం అది. 1952 వరకు ఆ పదవి ఆయనదే. మనల్ని పాలిస్తున్న దేశంలోనే, వాళ్ళ అతి పాత విశ్వవిద్యాలయంలో, ఒక తెలుగువాడు కూర్చుని మన మతాల పాఠం చెప్పాడంటే మామూలు విషయం కాదు. మిషన్ బడిలో విమర్శ విన్న పిల్లవాడు ముప్పై ఏళ్ళ తర్వాత అదే జాతి పిల్లలకి గురువయ్యాడు. అక్కడ కూడా కసి తీర్చుకునే పాఠం చెప్పలేదు. క్రీస్తు గురించి ఎంత గౌరవంగా మాట్లాడారో బుద్ధుడి గురించి అంత గౌరవంగా మాట్లాడారు.

బుద్ధుడంటే ఆయనకి ప్రత్యేకమైన అభిమానం. 1938లో లండన్‌లోని బ్రిటిష్ అకాడమీలో గౌతమ బుద్ధుని మీద ఉపన్యాసం ఇచ్చారు. 1950లో ధమ్మపదాన్ని పాళీ మూలంతో సహా ఇంగ్లీషులోకి తెచ్చారు. 1956లో బుద్ధుని 2500 సంవత్సరాల ఉత్సవాల సమయంలో ప్రభుత్వం తెచ్చిన గ్రంథానికి ముందుమాట రాశారు. భగవద్గీత అనువాదం 1948లో, ముఖ్య ఉపనిషత్తుల అనువాదం 1953లో వచ్చాయి. సిక్కుల పవిత్ర వాణిని ఎంపిక చేసి యునెస్కో తరఫున 1960లో ఇంగ్లీషులో తెచ్చిన గ్రంథానికి పరిచయం రాసింది కూడా ఈయనే. అలా ఈ దేశంలో పుట్టిన నాలుగు మతాలకూ ఒక్క మనిషి కలం పనిచేసింది.

విద్యార్థులకి మతాలు ఎలా చెప్పాలి?

నా దృష్టిలో ఆయన జీవితంలో అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం ఇది. దీన్ని గురించి ఎక్కువమందికి తెలియదు.

1947లో దేశం రెండు ముక్కలైంది. మతం పేరుతో లక్షల మంది చచ్చారు, కోటి మందికి పైగా ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి పారిపోయారు. ఆ రక్తం ఆరకముందే, 1948లో, ప్రభుత్వం విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ వేసింది. దానికి అధ్యక్షుడు రాధాకృష్ణన్ గారు. అప్పటికి ఆయన 1939 నుంచి తొమ్మిదేళ్ళు బనారస్ హిందూ విశ్వవిద్యాలయాన్ని నడిపి వచ్చారు. కమిషన్‌లో డాక్టర్ జాకిర్ హుస్సేన్, తారాచంద్, మేఘనాద్ సాహా, లక్ష్మణస్వామి మొదలియార్ వంటి పెద్దలు ఉన్నారు. ఇంగ్లండు, అమెరికా నుంచి వచ్చిన సభ్యులూ ఉన్నారు. 1949లో నివేదిక ఇచ్చారు.

ఆ సమయంలో ఎవరైనా ఏమనుకుంటారు? మతం వల్లే ఇంత గొడవ జరిగింది, చదువుల్లోకి దాన్ని రానివ్వకండి అనే అనుకుంటారు. ఈయన అలా అనుకోలేదు. పిల్లవాడికి మతం గురించి బడిలో చెప్పకపోతే వాడు తెలుసుకోకుండా ఆగడు, వీధిలో తెలుసుకుంటాడు, అక్కడ సగం తెలిసినవాడే పంతులవుతాడు. నివేదిక చదివితే నాకు తోచింది ఇది. లౌకిక రాజ్యం అంటే మతం లేని రాజ్యం కాదని, ఏ ఒక్క మతాన్నీ పిల్లల మీద రుద్దకూడదని మాత్రమే అని ఆ నివేదిక భావం.

మరి ఎలా చెప్పాలి? దానికి ఆయన వేసిన క్రమం చాలా సులువుగా ఉంటుంది. ప్రతి రోజూ తరగతులు మొదలయ్యే ముందు కొన్ని నిమిషాలు అందరూ మౌనంగా కూర్చోవాలి. ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకోవచ్చు, తలుచుకోకపోనూవచ్చు. డిగ్రీ మొదటి ఏడాది మహాపురుషుల జీవితాలు చెప్పాలి. బుద్ధుడు, జొరాస్టర్, సోక్రటీసు, ఏసు, శంకరులు, రామానుజులు, మహమ్మదు, కబీరు, నానకు, గాంధీ లాంటివారి జీవితాలు. రెండో ఏడాది ప్రపంచ మత గ్రంథాల నుంచి అందరికీ పనికొచ్చే భాగాలు చదివించాలి. మూడో ఏడాది మాత్రమే దేవుడున్నాడా, ఆత్మ ఏమిటి లాంటి పెద్ద ప్రశ్నల్లోకి దిగాలి.

ముందు మనిషి, తర్వాత గ్రంథం, చివర వాదం. ఇదీ వరుస. మనం సాధారణంగా చేసేది తలకిందులు. ముందు వాదం మొదలుపెడతాం. గ్రంథం దాకా రాము. మనిషి జీవితం అసలు తెలుసుకోము.

మన ట్రైనింగ్ కూడా ఇలాంటిదే గదా! రిక్రూట్‌కి మొదటి వారంలోనే టాక్టిక్స్ చెప్పరు. రెజిమెంట్ వీరుల కథలు చెబుతారు, క్వార్టర్ గార్డ్ చూపిస్తారు, ఆ తర్వాతే ఆయుధం, ఆ తర్వాతే ఎత్తుగడలు.

నివేదికలో చెప్పిందంతా అమలు కాలేదు. మన రాజ్యాంగంలో 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ చేయకూడదు. అయితే ఒక మతాన్ని బోధించడం వేరు, మతాల గురించి చెప్పడం వేరు అనే తేడాని 1964-66 నాటి కొఠారి కమిషన్ స్పష్టంగా చెప్పింది. 2002లో సుప్రీంకోర్టు కూడా మతాల గురించిన జ్ఞానం పాఠాల్లో ఉండటం లౌకికతత్వానికి విరుద్ధం కాదని తీర్పునిచ్చింది. మాస్టారు 1949లో అన్నమాటకి అర్ధశతాబ్దం తర్వాత బలం వచ్చిందన్నమాట.

మాస్కో, తర్వాత ఢిల్లీ

1949లో ఆయన్ని సోవియట్ రష్యాకి రాయబారిగా పంపారు. దేవుణ్ణి ఒప్పుకోని ప్రభుత్వం దగ్గరికి మతాల ప్రొఫెసర్‌ని పంపడమేమిటని చాలామంది ఆశ్చర్యపోయారు. 1950 జనవరిలో స్టాలిన్‌ని కలిసినప్పుడు అశోకుడి సంగతి ఎత్తారని చెబుతారు. రక్తపాతంతో గెలిచి, ఆ తర్వాత యుద్ధమే వదిలేసిన చక్రవర్తి మా దేశంలో ఉన్నాడు, మీకూ అలాంటి మార్పు రావచ్చేమో అన్న అర్థంలో మాట్లాడారట. స్టాలిన్ నొచ్చుకోలేదు సరికదా, తాను కూడా చిన్నప్పుడు కొన్నేళ్ళు క్రైస్తవ మత పాఠశాలలో చదివానని గుర్తుచేసుకున్నాడట. ఎక్కడికి వెళ్ళినా మాస్టారు మాస్టారే.

1952 నుంచి పదేళ్ళు ఉపరాష్ట్రపతి. 1954లో భారతరత్న. 1956లో శివకాము గారు కాలం చేశారు. 1962లో రాష్ట్రపతి అయ్యారు. పుట్టినరోజు వేడుక చేస్తామని శిష్యులు, అభిమానులు వస్తే, తనకి కాదు, ఉపాధ్యాయులందరికీ ఆ రోజు గౌరవం దక్కితే సంతోషమన్నారు. ఆ ఏడాది నుంచే సెప్టెంబర్ 5 ఉపాధ్యాయ దినోత్సవం అయింది.

సర్వసైన్యాధిపతిగా

పదవిలోకి వచ్చి ఆరు నెలలు కాకముందే, 1962 అక్టోబర్ 20న చైనా దాడి మొదలైంది. అక్టోబర్ 26న రాష్ట్రపతిగా ఆయన అత్యవసర పరిస్థితి ప్రకటించారు. ఆ యుద్ధంలో మన జవాన్లు ఏ బట్టలతో, ఏ తుపాకులతో మంచుకొండల మీద నిలబడ్డారో మన పాతవాళ్ళు చెప్పగా విన్నాం. ప్రభుత్వం అతిగా నమ్మిందని, అజాగ్రత్తగా ఉందని రాష్ట్రపతి పదవిలో ఉండి కూడా ఆయన దాచకుండా అన్నారు. తప్పు జరిగినప్పుడు జవాను మీదికి నెట్టని సర్వసైన్యాధిపతి ఆయన.

ఆయన పదవీకాలంలో జరిగిన రెండు యుద్ధాలకు ఐదుగురికి పరమవీర చక్ర వచ్చింది. ఆ పేర్లు ఒక్కసారి వరుసగా చదవండి. 1962లో లడఖ్‌లోని సిరిజాప్‌లో గూర్ఖా రైఫిల్స్ మేజర్ ధన్ సింగ్ థాపా. బుమ్‌లా దగ్గర సిక్కు రెజిమెంట్ సుబేదార్ జోగిందర్ సింగ్, మన జె.సి.ఓ.లందరికీ గర్వకారణం. రెజాంగ్‌లాలో కుమావూ రెజిమెంట్ మేజర్ శైతాన్ సింగ్, ఆయన రాజస్థాన్ రాజపుత్రుడు. 1965లో ఖేమ్‌కరణ్ సెక్టార్‌లో గ్రెనేడియర్స్ హవల్దార్ అబ్దుల్ హమీద్, ముస్లిం. సియాల్‌కోట్ సెక్టార్‌లో పూనా హార్స్ లెఫ్టినెంట్ కల్నల్ తారాపోర్, పార్సీ. ఈ తారాపోర్ గారు మొదట మన హైదరాబాద్ సంస్థాన సైన్యంలో పనిచేసినవారు.

1966 జనవరి 26న గణతంత్ర దినోత్సవం నాడు అబ్దుల్ హమీద్ భార్య రసూలన్ బీబీ గారికి పరమవీర చక్రని అందించింది రాధాకృష్ణన్ గారే. లాల్ బహదూర్ శాస్త్రి గారు తాష్కెంట్‌లో పోయి అప్పటికి పదిహేను రోజులు. దేశం దుఃఖంలో ఉంది. ఉపనిషత్తులు, ధమ్మపదం అనువదించిన చేతులతో ఒక ముస్లిం వీరుడి భార్యకి దేశపు అత్యున్నత శౌర్య పతకం ఇచ్చారు. నలభై ఏళ్ళు ఆయన చెప్పిన పాఠం మొత్తం ఆ ఒక్క నిమిషంలో ఉందని నాకనిపిస్తుంది.

1967లో పదవి దిగి మద్రాసులో మైలాపూర్ ఇంటికి వెళ్ళిపోయారు. ఆయన కుర్చీలో కూర్చున్నది 1948 కమిషన్‌లో తనతో పనిచేసిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారు. మతరంగంలో కృషికి ఇచ్చే టెంపుల్టన్ బహుమతి 1975లో ఆయనకి వచ్చింది. అప్పటి దాకా అది క్రైస్తవులు కానివారికి ఇవ్వలేదు. ఆ డబ్బు మొత్తం ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికే ఇచ్చేశారు. ఆ ఏడాదే ఏప్రిల్ 17న, 86వ ఏట కన్నుమూశారు.

ఒక విమర్శ, ఒక గీటురాయి

గొప్పవాళ్ళ జీవితం రాసేటప్పుడు పొగడ్తే రాస్తే సరిపోదు. ఆయన అన్ని మతాలనూ వేదాంతం కళ్ళద్దాల్లోంచి చూశారని కొందరు పండితులు అంటారు. బుద్ధుణ్ణి ఉపనిషత్తుల దారిలో నడిచిన సంస్కర్తగా చూపించారని, కానీ బుద్ధుడు ఆత్మ లేదని చెప్పి వేరే దారే వేశాడని బౌద్ధుల వాదన. ఆ మాటలో నిజం లేకపోలేదు. అన్ని మతాలూ ఒకటే అని చెప్పేయడం తేలిక. తేడాలని తేడాలుగా చెప్పి, అయినా గౌరవించడం కష్టం. పిల్లలకి నేర్పాల్సింది ఆ కష్టమైనదే.

మన సైన్యంలో ఇది రోజూ జరుగుతుంది. పండిట్‌జీ, గ్రంథీ, మౌల్వీ, పాద్రీ అందరూ రిలీజియస్ టీచర్ జె.సి.ఓ.లే. లడఖ్ జవాన్లకి బౌద్ధ గురువులు ఉంటారు. ఎవరూ తన మతాన్ని పక్కవాడి మతంలో కలిపేయరు. కానీ సర్వ ధర్మ స్థల్‌లో ఒకే కప్పు కింద కూర్చుంటారు. కమాండింగ్ ఆఫీసర్ సొంత మతం ఏదైనా సరే, తన జవాన్ల మందిర్ పరేడ్‌కో గురుద్వారాకో ముందు వరుసలో వస్తాడు. గురుద్వారాలో తలకి గుడ్డ కట్టుకోవాలని, మసీదులో చెప్పులు ఎక్కడ వదలాలని తెలుగు పల్లెటూరి కుర్రాడికి ఎవరూ పుస్తకంలో చెప్పలేదు. పక్క మంచం వాడు చెప్పాడు.

ప్రస్తుతం మా కాలనీలో మాజీ సైనికుల పిల్లలు కొందరు ఆదివారం మా ఇంటి అరుగు మీద చేరతారు. వాళ్ళకి మాస్టారి వరుసలోనే జీవిత కథలు చెబుతున్నాను. మహావీరుడు రాజకుమారుడై పుట్టి అన్నీ వదిలి పన్నెండేళ్ళు తపస్సు చేసిన కథ, సిద్ధార్థుడి కథ, నానక్ గారు ఊరూరా తిరిగిన కథ. మన దగ్గరున్న గుర్తులు కూడా చెబుతాను. అమరావతి, నాగార్జునకొండ, అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ బౌద్ధులవి. తెలంగాణలో కొలనుపాక జైనులది. గురు గోవింద్ సింగ్ జీ 1708లో దేహం విడిచిన నాందేడ్ మన నిజామాబాద్ పక్కనే.

ఒకసారి ఒక తండ్రి వచ్చి, మా అబ్బాయికి మన మతం సంగతే సరిగ్గా తెలియదు, మిగతావాళ్ళవి ఎందుకు సార్ అని అడిగారు. ఆయన అడిగిన దాంట్లో తప్పులేదు. మీవాడు రేపు ఫౌజులో చేరితే పక్క మంచం మీద సర్దార్‌జీ ఉంటాడు, ఎదురు మంచం మీద లడఖీ ఉంటాడు, వాళ్ళతో ప్రాణం పంచుకోవాలి, ఇప్పుడే పరిచయం చేస్తున్నానని చెప్పాను. తన మతం మంచిచెడ్డలు కూడా పక్కవాడిది తెలిసినప్పుడే బాగా తెలుస్తాయని కూడా చెప్పాను. ఇరవై ఏళ్ళ వయసులో రాధాకృష్ణన్ గారికి జరిగింది అదే కదా! ఆయన కాసేపు ఆలోచించి వెళ్ళారు. ఆ మరుసటి ఆదివారం కూడా అబ్బాయి వచ్చాడు.

ఇంకో పాప, వీటిలో ఏది గొప్ప మతం తాతయ్యా అని అడిగింది. ఎవరి అమ్మ గొప్ప అని అడిగితే ఏం చెబుతావమ్మా అన్నాను. నవ్వేసింది.

నేను పెట్టుకున్న గీటురాయి ఒక్కటే. ఒక మతం గురించి పిల్లలకి చెబుతున్నప్పుడు ఆ మతంవాడు పక్కనే కూర్చుని విన్నా, అవును, మాది ఇదే అని తల ఊపాలి. అలా ఊపడు అనుకుంటే ఆ మాట చెప్పకూడదు. ఇది పండితులకి కష్టమేమో గానీ, బ్యారక్‌లో బతికినవాళ్ళకి అలవాటే.

అందుకే మన సంఘ సభ్యులకి నా మనవి. సర్వీసులో ఉన్నవాళ్ళు సెలవు మీద వచ్చినప్పుడు, పెన్షన్‌లో ఉన్నవాళ్ళు తీరికగా ఉన్నప్పుడు, మీ ఊరి బడికి ఒక్క గంట వెళ్ళండి. యుద్ధం కథలతో పాటు సర్వ ధర్మ స్థల్ సంగతి కూడా చెప్పండి. పిల్లలకి ఆ గంట ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. అది మనం చెబితే దేశానికి మంచిది. మన మాస్టారు, మన సర్వసైన్యాధిపతి కోరుకున్నది కూడా అదే.

జై హింద్.